ముందే రాసిన మినిట్స్

మా మహిళా కళాశాల సాహితీ సంఘానికి ఆమె కార్యదర్శి. నేనప్పుడు ఫస్టియర్. అందరిలా మినిట్స్ సభ అయ్యాక రాసేది కాదామె. శనివారం సభకి శుక్రవారమే, కొత్తగూడ ఫ్లైఓవర్ కనిపించే కిటికీ దగ్గర కూర్చుని, ఎవరెవరు వచ్చారో, ఎవరు కవిత చదివారో రాసేసేది.

"ఏమైతదో నాకెరుకే గద" అని నవ్వేది. నిజంగానే అన్నీ అలాగే జరిగేవి.

ఒక శుక్రవారం ఆమె నవ్వలేదు. రిజిస్టర్లోకి తొంగిచూశాను. హాజరైనవారిలో అందరం ఉన్నాం, ఆమె తప్ప.

"అక్కా, మీ పేరు మర్చిపోయారు."

"మరువలే. రేపు సభ నువ్వు నడుపు" అని పెన్ను నా చేతిలో పెట్టింది.

"మీరెక్కడికెళ్తున్నారు?"

"మా అన్న వస్తుండు" అంటూ కిటికీలోంచి గేటు వైపు చూసింది.

మర్నాడు, ఆమె రాసినట్టే అందరూ వచ్చారు. సాయంత్రం నిజాంపేటలో ఆమె హాస్టల్‌కి వెళ్తే, మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"పొద్దుగాలనే వాళ్లన్న తీస్కపోయిండు. పిల్ల ఏడ్సుకుంటనే పోయింది" అంది వార్డెన్.

ఆ రోజు నుంచీ ఆమె ఫోన్ స్విచాఫే.

సంఘం చరిత్రంటే ఇప్పుడు ఆ రిజిస్టరొక్కటే. అందులో జరగని సంగతి ఒకే ఒక్కటి ఉంది. ఆ శనివారం హాజరైనవారిలో చివరి పేరు ఆమెది. అది నా చేతిరాత.