మా తాత టేకు టేబులుకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఖాళీగా ఉన్న మనిషికి ఫోనులో వీడియోలు చూస్తుంటే ఎంత ధైర్యం వస్తుందో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. చింతామణిలో మా తాతది బట్టల అంగడి. ఆ అంగడికన్నా ఆయనకు గొప్ప ఇంట్లోని భోజనాల టేబులు. ఎవరొచ్చినా దానిమీద ఒక చరుపు చరిచి, "అచ్చమైన టేకప్పా! మా మనవళ్ళ మనవళ్ళు కూడా దీనిమీదే తింటారు" అనేవాడు. (కాఫీ రావడానికి ముందే వాళ్ళు ఒప్పుకోవాలి.) అయితే వేడి గిన్నెలు పెట్టీ పెట్టీ పైనంతా తెల్లటి చక్రాలు, ఊరగాయ నూనె మరకలు. "దీని మొగం చూస్తే అన్నం దిగకుండా ఉండాది" అని అవ్వ రోజూ సణిగేది.

వాళ్ళిద్దరూ గూళూరులో పెళ్ళికని రెండు రోజులు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి టేబులును అద్దంలా చేసి చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. చెక్కను నున్నగా రుద్దే మిషను ఒకటి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాను. మూడు వీడియోలు చూశాను (మూడోది సగమే). మొదట్లో అంతా బాగానే జరిగింది. మరకలు పోతున్నాయి, లోపలి నుంచి బంగారు రంగు వస్తోంది. ఒక మొండి మరక దగ్గర మాత్రం మిషను కాస్త గట్టిగా అదిమాను. మరక పోయింది. దాంతోపాటు టేకు కూడా పోయింది! అరచేయంత మేర పాలిపోయిన చెక్క, అంచున కాగితంలా లేచిన పొర. లోపల ఉన్నది ప్లైవుడ్డు. టేకు దానికి చొక్కా మాత్రమే.

ఇన్నేళ్ళుగా మోసపోయానని తెలిస్తే తాత ఏమైపోతాడు? దుమ్మంతా తుడిచి, పైన పువ్వుల దుప్పటి ఒకటి పరిచేశాను.

వాళ్ళు తిరిగొచ్చిన సాయంత్రం, అవ్వ స్నానానికి వెళ్ళగానే తాత దుప్పటి ఎత్తి చూశాడు. నేను ఏడుపు గొంతుతో జరిగింది చెప్పి, "ఇది టేకు కాదు తాతా" అన్నాను. ఆయన స్నానాలగదివైపు చూసి గొంతు తగ్గించాడు. "తెలుసులేరా. తెచ్చిన వారానికే వడ్రంగం చేసే ఆచారి ఒకడు చెప్పినాడు. అప్పటికే మీ అవ్వ వీధంతా టేకని చెప్పుకోనుండాది. ఆయమ్మ సంతోషం చెడగొట్టేదానికి మనసు రాలా. నువ్వూ చెప్పొద్దు."

మరునాడు తాత అంగడికి పోగానే అవ్వ పిలిచింది. దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపే, "నిజం టేకైతే నేనొక్కదాన్నే పక్కకు జరిపి కసువు ఊడుస్తానా? నాకు మొదటినుంచీ తెలుసు. వచ్చినోళ్ళకంతా చెప్పి మీ తాత మురిసిపోతాండాడు, పోనీలే అని ఊరకుండాను. ఆయనకు చెప్పొద్దు నాయనా" అంది.

పాలిష్ చేయిస్తానని ఇద్దరికీ చెప్పి, దిబ్బూరహళ్ళి నుంచి ఒక వడ్రంగిని పిలిపించాను. ఆయన కొత్త టేకు పొర అతికించి, మెరుగు పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "ఇంట్లో ఇంకేమన్నా రుద్దినావాప్పా?" అని అడిగాడు. ఆ వారమే వచ్చిన చుట్టం ముందు తాత మళ్ళీ చరుపు చరిచాడు. అవ్వ కాఫీ పెడుతూ, "ఇట్లాంటి టేకు ఇప్పుడు యాడ దొరకతాది?" అంది. ఎటు చూడాలో తెలియక నేను ఫ్యానువైపు చూశాను.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో కాపురం. మొన్న నా భార్య ముచ్చటపడి కొన్న చీర చేతికిచ్చి, "అచ్చమైన పట్టే కదా?" అంది. వేలు తగలగానే నాకు సంగతి తెలిసిపోయింది (ఎంతైనా బట్టల అంగడి మనవణ్ణి). "అచ్చమైన పట్టే" అన్నాను. ఆ వయసులో అయితేనా, ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి, కాల్చి నిరూపించి మరీ లేచేవాణ్ణి.