మూడో తీగ మీద అప్పగింతలు

నాలుగేళ్ళ కిందటి సంగతిని 'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. కానీ అప్పటి ఫొటోల్లో, గడ్డం సరిగ్గా రాని మొహానికి విద్వాంసుడి గాంభీర్యం అతికించుకుని కూర్చున్న ఆ మనిషికీ నాకూ చుట్టరికం ఉందని ఒప్పుకోవడం కష్టం. అందుకే 'ఆ రోజుల్లో' అనే అంటాను. ఆ రోజుల్లో నేను అఫ్జల్‌గంజ్‌లో పాత వాయిద్యాల దుకాణం నుంచి ఒక రెసొనేటర్ గిటారు కొనుక్కొచ్చాను. మామూలు గిటారు పొట్టలో ఏమీ ఉండదు. దీని పొట్టలో పల్చటి రేకు పళ్ళెం ఉంటుంది, తీగ మీటితే అది మోగుతుంది. వేలికి ఇనుప గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చుతూ వాయించాలి. (అమ్మ దాన్ని "కుక్కర్ గిటార్" అనేది. నేను సాధన చేస్తుంటే "విజిల్ ఎప్పుడొస్తదిరా" అని అడిగేది.)

దీంతో చిక్కేమిటంటే, తీగలు ఎలా బిగించుకున్నామన్న దాంట్లోనే సగం పాట అయిపోతుంది. ఫోన్‌లో ఒక గురువు ఒకలా బిగించమన్నాడు. ఇంకో గురువు అలా బిగించేవాళ్ళను మనుషుల్లో లెక్కేయలేదు. కొన్నాళ్ళకు నాకు పాట ఒక్కటీ రాలేదు గానీ, రకరకాలుగా తీగలు బిగించడం మాత్రం వచ్చింది. చివరికి 'స ప స గ ప స' దగ్గర ఆగాను. ఆరూ కలిపి మీటితే ఇల్లంతా పండగలా మోగేది. మూడో తీగ ఒక్కదాన్ని, అంటే ఆ 'గ'ని, గిటారు మెడ చివర తీగ బిగించే కీ తిప్పి అర స్వరం కిందికి దించితే చాలు, అదే ఇల్లు ఎవరో పోయినట్టు మోగేది.

అప్పుడే అక్క పెళ్ళి కుదిరింది. అప్పగింతలకు బ్యాండు వద్దని, తమ్ముడే వాయించాలని అక్క పట్టుబట్టింది. "కాకపోతె నవ్వుకుంట పోయేటట్టు వాయించురా. ఏడ్చుకుంట కారెక్కితె మా అత్తగారింట్ల ఆ వీడియో జిందగీ అంత పెట్టి చూపిస్తరు" అంది. ఆమె అటు వెళ్ళగానే అమ్మ వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "బిడ్డ పోతుంటె తల్లి కండ్లల్ల నీళ్ళు లేకుంటె చుట్టాలు ఏమనుకుంటరురా? నాకు గట్ల ఊకెనే ఏడ్పు రాదు, నీకెర్కనే గదా. మంచిగ ఏడ్పొచ్చేది వాయించు." ఇద్దరికీ సరే అన్నాను. (అదే ఇంట్లో అన్నం తినాలి మరి.)

కిషన్‌బాగ్‌లో మా పక్కింటి చాచా పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదుతాడు. వెళ్ళి మొర పెట్టుకున్నాను. "చాచా, నవ్వే 'గ' పెట్టాల్నా, ఏడ్చే 'గ' పెట్టాల్నా?"

"గిదేం ఫికర్ బేటా? మేమైతె దుల్హన్ మొఖం చూసి ఊదుతం. నవ్వితె నవ్వేది, ఏడిస్తె ఏడ్చేది. నువ్వు గూడ మొఖం చూస్కుంట కీ తిప్పు."

"మీ క్లారినెట్‌కు తిప్పెతందుకు కీ లేదు గదా."

"గందుకే మాకు పరేషానీ లేదు" అన్నాడు చాచా, చాయ్ ఊదుకుంటూ.

ఫంక్షన్ హాల్లో అక్క చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టారు. నేను నవ్వే 'గ'తో మొదలుపెట్టాను. అక్క నవ్వింది. అమ్మ మాత్రం కరెంటు బిల్లు చూస్తున్నట్టు నన్ను చూసింది. కీ వదులు చేశాను. అమ్మ ఆశగా కొంగు అందుకుంది, అది చూసి అక్క పెదవి వంకర పోయింది. మళ్ళీ బిగించాను. అమ్మ కొంగు వదిలేసి, "పాట కొడ్తున్నవా, నల్లా తిప్పుతున్నవారా?" అని అందరికీ వినపడేలా అడిగింది. కంగారులో ఇంకోసారి దించి, ఇంకోసారి ఎక్కించేసరికి మూడో తీగ టప్పున తెగింది.

'గ' పోయాక గిటారులో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. మిగిలినవి స, ప. ఏం చేయాలో తోచక వాటినే మెల్లగా మీటుతూ పోయాను. తెగిన తీగ కొస పళ్ళేనికి తగిలి గరగరలాడుతుంటే, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని గిటారు మీదికి వంగాను. హాల్లో మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పాట అయిపోయిందనుకుని ఆగారో, ఇంకా మొదలవలేదని ఆగారో నాకిప్పటికీ తెలియదు. తలెత్తేసరికి కారు గేటు దాటింది.

ఆ పూట ఏం జరిగిందో నేను వీడియోలోనే చూశాను. అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఏడుస్తోంది. అమ్మకు ఏడుపు రావడం చూసి అక్కకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంటూ కారెక్కింది. పక్కన నేను గిటారు మీద ముడుచుకుపోయి ఉన్నాను. అక్క చెప్పినట్టే వాళ్ళ అత్తగారింట్లో అది పెడుతూనే ఉంటారు, పెట్టినప్పుడల్లా "తమ్ముడు మస్తు ఏడ్చిండు పాపం" అంటారు. అది ఏడుపు కాదు, తీగ పట్టుకున్నానని చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. మొన్న నేనూ ఇంకోసారి చూశాను. అందులో గిటారు మీద వంగినవాడి భుజాలు కదులుతున్నాయి. ఒక తీగ కొస పట్టుకోవడానికి భుజాలతో అంత పనేముంటుందో, వాడినే అడగాలి.