తడి పేపర్లకు గోనెసంచి

నా చిన్నప్పుడు దినపత్రిక కాగితం ఇంత పల్చగా ఉండేది కాదు. మొన్న అవనిగడ్డ బస్టాండులో నాలుగు మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుంటే, బస్సు మోపిదేవి చేరకముందే ఒక నాయకుడి ముఖం నా చీరకు అంటుకుంది. ఏ పార్టీ అన్నది చెప్పను. ఉతికినా పోలేదని మాత్రం చెప్తాను. ఆ రోజుల్లో కాగితం గట్టిగా ఉండేది. ఎంత గట్టిగా అంటే, మా తాతయ్య దాని మీద రివాల్వరు పేల్చి చూశాడు.

తొందరపడి మా వంశం గురించి ఏమీ అనుకోకండి. నాగాయలంక దగ్గర మా ఊరికి తాతయ్య చాలా ఏళ్లు మునసబుగా చేశాడు. ఆ రోజుల్లోనే లైసెన్సు తీసుకుని రివాల్వరు ఒకటి కొనుక్కున్నాడు. ఉద్యోగం పోయాక ఇంట్లో రివాల్వరూ అనుమానమూ మిగిలాయి. రివాల్వరును బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అనుమానానికి తాళం లేదు. పాలు పోయించుకునేటప్పుడు బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేయించుకుని అది జారే తీరు చూసేవాడు. నెయ్యి తెస్తే చేతి వెనక రాసుకుని వాసన చూసేవాడు. డాక్టరిచ్చిన మాత్రను కొంచెం కొరికి, చేదుగా ఉంటేనే మిగతాది మింగేవాడు. పెళ్లిచూపుల్లో మా నాయనమ్మకు ఏం పరీక్ష పెట్టాడో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

నాకు పదేళ్లప్పుడు వానాకాలంలో మా నూతి గట్టు మీంచి ఒక ఇత్తడి చెంబు మాయమైంది. మూడు రోజుల తర్వాత, తెలతెలవారుతుండగా, కిటికీలోంచి నేనొక మనిషిని చూశాను. గోనెసంచి కప్పుకుని, వంగి, మా దొడ్లోంచి గబగబా వెళ్తున్నాడు. మా వైపు వానల్లో గోనెసంచి ఒక మూలను ఇంకో మూలలోకి దోపి తల మీద వేసుకుంటారు. తలా వీపూ రెండూ తడవవు. కప్పుకున్నది ఎవరో పక్కనుంచి చూస్తే తెలియదు. ఆ సంచికి భుజం దగ్గర తెల్లగుడ్డతో వేసిన మాసిక ఒకటి కనిపించింది. ముఖం కనిపించలేదు.

నేను చూసింది ఇంతే. కానీ ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని అడగడమన్నది పదేళ్ల ఆడపిల్లకు రోజూ దొరికే భాగ్యం కాదు. రెండోసారి చెప్పేసరికి ఆ మనిషి చంకలో ఏదో ఉంది. మూడోసారికి అది తళతళలాడింది. మాసిక సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తాతయ్య రెండు రోజులు నూతి చుట్టూ అడుగుజాడలు కొలిచాడు. నాయనమ్మ పాదం కొలత కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత బస్సెక్కి బందరు వెళ్లి, తుపాకుల కొట్టులో కొత్తరకం తూటాలు అడిగి తెచ్చాడు.

పాతవి పనికిరావా అంటే, పనికొస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది. మా వరండాలోంచి చూస్తే ఎదురుగా నుయ్యి, నూతి వెనక వెదురు దడి, దడి వెనక పక్కింటి అక్క వాళ్ల తాటాకు ఇల్లు. ఆ ఇంట్లో మా వైపు గోడకు ఆనుకునే వాళ్ల ఎనిమిది నెలల పాప ఉయ్యాల కట్టి ఉండేది. అక్క భర్త తెల్లారకముందే పడవ మీద వేటకు వెళ్లి, మేం బడికి బయల్దేరే వేళకు చేపలతో తిరిగొచ్చేవాడు. పడవ దగ్గరకు ఏ దారిన వెళ్తాడో మేమెప్పుడూ అడగలేదు. నూతి దగ్గర దొంగ మీద కాల్చిన తూటా దొంగలోంచి దూసుకుపోతే నేరుగా ఆ ఉయ్యాల దగ్గరకే పోతుంది. తాతయ్య అనుమానపు మనిషే గాని దుర్మార్గుడు కాదు. అందుకే కొత్తరకం అడిగాడు. ఆ తూటా ముక్కున చిన్న గుంట ఉంటుందట. ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోతుందట, అవతలికి రానే రాదట. కొట్టు యజమాని చెప్పిందంతా తాతయ్య విన్నాడు, తూటాలు కొన్నాడు, నమ్మలేదు.

పరీక్ష కోసం ఏడాదిగా దాచిన పేపర్లన్నీ తీసి కుడితి తొట్టిలో నానబెట్టాడు. తడిసిన కాగితం ఇంచుమించు మనిషి ఒళ్లులా ఉంటుందని ఆయన లెక్క. ఎక్కడ విన్నాడో తెలియదు. మా గేదె ఆ తొట్టిలోకి ఒకసారి తొంగి చూసి, అంత చదువు తనకు వద్దన్నట్టు వెనక్కి తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక ఆ పేపర్లను నాలుగు కట్టలు కట్టి, మెరక కోసం తోలించిన పెద్ద మట్టిగుట్టకు ఆనించి వరసగా పెట్టాడు. గుట్ట అవతల పొలాలే. అయినా ముందు తనే వెళ్లి ఎవరూ లేరని చూసొచ్చాడు. మమ్మల్నందరినీ తన వెనక వరండాలో నిలబెట్టి పేల్చాడు. కాకులు లేచాయి. నాయనమ్మ చెవుల మీంచి చేతులు చాలాసేపటి దాకా తియ్యలేదు.

తడి కాగితాలు ఒక్కొక్కటీ తిప్పడం నా పని. రెండో కట్ట మధ్యలో తూటా దొరికింది. నిజంగానే విచ్చుకుంది, రేకులు వెనక్కి మడిచిన నల్లపువ్వులాగా. తాతయ్య దాన్ని నాయనమ్మ కుంకుమభరిణె మూతలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏళ్ల తర్వాత ఒక మనిషి తనతో నిజం చెప్పాడన్న ఆశ్చర్యం ఆయన ముఖంలో కనిపించింది. వెంటనే దడి దగ్గరకు వెళ్లి పక్కింటి అక్కను పిలిచాడు.

అక్క పాపను చంకనేసుకుని వచ్చింది. మూతలో ఉన్నదాన్ని చూసింది గాని ముట్టుకోలేదు.

"ఇక మీకేం భయం లేదమ్మా. ఇది దొంగలోనే ఉండిపోతుంది, మీ గోడ దాకా రాదు" అన్నాడు తాతయ్య.

అక్క పేపరు కట్టల వైపు చూసింది. "మరి ఈ దొంగకి బట్టల్లేవేంటండీ?"

"పేపర్లమ్మా అవి."

"దొంగన్నారు కదండీ ఇప్పుడే."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం నవ్వలేదు. "వానలో వచ్చేవాడు దిసమొలతో రాడు కదండీ మునసబుగారూ. గోనె కప్పుకుని వచ్చాడని మీ మనవరాలు చెప్పిందంట కదా, దానికీ కప్పి చూడండి. మా పిల్ల పడుకునేది ఆ గోడ పక్కనే" అంది. తాతయ్యకు కోపం రావలసింది, కానీ తనకు రాని అనుమానం ఇంకొకరికి వచ్చినందుకు సిగ్గుపడ్డట్టున్నాడు. తల ఊపాడు. అక్క పాపను నాయనమ్మకిచ్చి ఇంట్లోకి వెళ్లి, చూరుకు వేలాడేసిన గోనెసంచి తెచ్చింది. తాతయ్య కట్టలు మళ్లీ కట్టి నిలబెట్టాక, మూల దోపి, మనిషి కప్పుకున్నట్టే మొదటి కట్టకు తొడిగింది.

భుజం రావలసిన చోట తెల్లగుడ్డ మాసిక ఉంది.

నేను చూశాను. ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మాసిక సంగతి చెబితే, చంకలో తళతళలాడిన చెంబు సంగతీ చెప్పాలి. అది నేను అల్లిందని తాతయ్యకు తెలుస్తుంది, అక్కకూ తెలుస్తుంది. తాతయ్య తూటా ఎక్కిస్తున్నంతసేపూ నా నోట్లో మాట అలాగే ఉండిపోయింది. నా జీవితంలో అంత పొడుగాటి నిమిషం మళ్లీ రాలేదు.

రెండో తూటా నాలుగు కట్టల్లోంచీ దూసుకుపోయి మట్టిగుట్టలో మోచేతి లోతున దిగింది. పారతో తవ్వి తీశాం. కొట్టులోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉంది. ముక్కున ఉన్న గుంటలో గోనె పీచు గట్టిగా కూరుకుపోయింది. ఇక విచ్చుకోవడానికి దానికి దారేది? తాతయ్య ముందు కొట్టు యజమానిని అనుమానించాడు, తర్వాత కాగితాన్ని, ఆ తర్వాత గోనెసంచిని. చివరకు, రేపు ఎనిమిది కట్టలు పెట్టి మళ్లీ చూద్దామన్నాడు. అప్పుడు అక్క ఒక మాట అంది. ఆ తర్వాత ఎనిమిది కట్టల ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

చంకలో చెంబు అబద్ధమని ఆ సాయంత్రమే తాతయ్యకు చెప్పేశాను. కొట్టలేదు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా అని మాత్రం రెండు రోజులు తిప్పితిప్పి అడిగాడు. రివాల్వరును తీసుకెళ్లి పోలీసు స్టేషనులో అప్పగించి, రసీదు వెలుతురులో పెట్టి చూసుకుని మరీ తెచ్చుకున్నాడు. ఎండాకాలం నూతిలో పూడిక తీస్తుంటే చెంబు దొరికింది. కడిగి మళ్లీ గట్టు మీదే పెట్టాం.

తర్వాత గుడివాడ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాను. ల్యాబులో పిల్లలు లెక్క సరిగ్గా వచ్చిందని సంబరంగా రికార్డు చూపించినప్పుడల్లా, పేపర్లకు ఏం కప్పడం మరిచిపోయారని అడిగేదాన్ని. నన్ను చాదస్తపు మేడమ్ అనేవాళ్లు. ఆ మాత్రం అనుమానం తాతయ్య దగ్గరనుంచి వచ్చిన ఆస్తే. కానీ అక్క దగ్గర నేర్చుకున్నది దానికంటే బరువైనది, దాన్ని ఏ రికార్డులోనూ రాయించలేకపోయాను. ఇప్పటికీ ఎవరినైనా చూసి వేలెత్తి చెప్పబోయినప్పుడు, ఆ తెల్లమాసిక కళ్ల ముందుకు వస్తుంది, నోరు దానంతటదే ఆగుతుంది.

ఆ రోజు అక్క గోనెసంచి తీసి దులిపి, పడ్డ చిల్లులోంచి వేలు అవతలికి పోనిచ్చి చూసుకుంది. తర్వాత నాయనమ్మ చేతుల్లోంచి పాపను అందుకుంటూ, తాతయ్యతో మామూలు గొంతుతోనే అంది.

"తూటా విచ్చుకుంటుందో లేదో బాగానే చూశారండీ. రేపు తెల్లారగట్ట ఈ గోనె కప్పుకుని మీ దొడ్లోంచి పడవకెళ్లేది మా ఆయనండీ."