గుడ్డకి అంటుకున్న గుట్ట

బడిలో చేరిన మొదటి నెలలోనే పిల్లలు ఆయనకి పేరు పెట్టేశారు, గులకరాళ్ళ సారు అని. నడుస్తుంటే ప్యాంటు జేబుల్లో రాళ్ళు గలగలమనేవి మరి. ఆ పేరు ఆయన చెవిన పడింది. పడ్డా పడనట్టే ఊరుకున్నాడు. లోలోపల సంతోషించాడు కూడా. ఆ ఊళ్ళో ఆయన్ని ఏదో ఒక పేరు పెట్టి తలుచుకునేవాళ్ళు ఆ పిల్లలే.

అంతకుముందు బతుకంతా డ్రిల్లింగు క్యాంపుల్లో గడిచింది. భూమిలోంచి లాగిన రాతి కడ్డీల్ని పెట్టెల్లో వరసగా పేర్చి, నీళ్ళు చిలకరించి, ఏ లోతులో ఏ రాయి ఉందో చూసి చెప్పడం ఆయన పని. క్యాంపు మూతపడ్డాక ఇల్లు చేరాడు. భార్యా కూతురూ ఎంతో మర్యాదగా చూసుకున్నారు. ఆ మర్యాదే ఆయనకి మింగుడుపడలేదు. తలుపు వెనక కొక్కేనికి చొక్కా తగిలిస్తే, మర్నాటికి అది మడతపడి కుర్చీలో ఉండేది. ఆ కొక్కెం కూతురి బ్యాగుది. టీవీ ముందు ఆయన కూర్చున్న చోటు భార్య కాళ్ళు చాపుకునే చోటు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన లేకుండా రోజులు గడపడం వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి అలవాటైపోయింది, అంతే. సొంతింట్లో చుట్టపుచూపుగా ఎన్నాళ్ళుంటాడు? ఒక పూట బస్సు ప్రయాణం దూరంలో సైన్సు టీచరు కావాలంటున్నారని తెలియగానే పెట్టె సర్దుకున్నాడు.

"ఆదివారాలు వస్తుంటాగా," అన్నాడు.

"మీ ఇష్టం," అంది భార్య.

మేడ మీద ఒక గది దొరికింది. గదిలో మంచం, స్టవ్వు, కిటికీ గట్టు నిండా రాళ్ళు. సాయంత్రం బడి నుంచి వచ్చాక మర్నాడు పొద్దున బడికెళ్ళేదాకా మనిషి గొంతు వినపడేది కాదు. స్టాఫ్‌రూములో మాత్రం ఏముంది? లెక్కల మాస్టారు పేపరు మడిచి, "ఏం సార్, ఎండలెలా ఉన్నాయి?" అనేవాడు. ఈయన "బాగానే ఉన్నాయి" అనేవాడు. అక్కడితో ఆ రోజుకి కబుర్లు సరి.

క్లాసులో మాత్రం ఆయన వేరే మనిషి. ప్లాస్టిక్ సీసాలో గులకరాళ్ళూ ఇసుకా బంకమట్టీ వేసి, నీళ్ళు పోసి, మూత బిగించి పిల్లల చేతికిచ్చేవాడు. "ఊపండి! చేతులు పడిపోయేలా ఊపండి!" పిల్లలకి ఇంకేం కావాలి? బెంచీలు అదిరిపోయేవి. తరవాత సీసాలు బల్ల మీద పెట్టించి, నోరు మెదపకుండా చూడమనేవాడు. ముందు రాళ్ళు, వాటి మీద ఇసుక, చిట్టచివరికి బురద నిదానంగా దిగేవి.

"సార్, దీన్ని పైనుంచి చదవాలా, కిందనుంచా?" అంది ముందు బెంచీ అమ్మాయి. క్లాసంతా ఆమెని వాగుడుకాయ అంటారు.

"నువ్వే చెప్పు. ముందు పడుకున్నదెవరు?"

"కిందున్న రాళ్ళు సార్."

"అయితే కథ అక్కడే మొదలు."

ఊరి బయట రోడ్డు కోసం ఒక ఇసుక గుట్టని నిలువునా కోశారు. అందులో పొరలు చారల దుప్పటిలా కనిపిస్తున్నాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తానని హెడ్మిస్ట్రెస్‌ని అడిగాడు.

"లారీలు తిరిగే రోడ్డు సార్ అది. ఏదైనా అయితే వాళ్ళమ్మలకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆవిడన్నది నిజమే. వాదించలేదు. పిల్లలు వెళ్ళకపోతే గుట్టలో ఒక ముక్కనే బడికి తేవాలనుకున్నాడు. క్యాంపులో ఒకసారి ఇలాగే చేశారు. జిగురు పల్చగా కలిపి ఇసుక గోడకి పూస్తారు. దాని మీద నూలు గుడ్డ అద్ది, పైన ఇంకో పూత వేస్తారు. ఎండాక ఒలిస్తే పొరలు వరస తప్పకుండా గుడ్డతో పాటు ఊడివస్తాయి. కాకపోతే ఒలిచేటప్పుడు పైన ఒకరు, కింద ఒకరు పట్టుకోవాలి.

కూతురికి ఫోన్ చేశాడు. "ఆదివారం రాగలవా అమ్మా? గుడ్డ పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి."

"గుడ్డేంటి నాన్నా?"

చెప్పాడు. చెబుతున్నంతసేపూ అవతల ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. "చూస్తాను నాన్నా. కుదిరితే వస్తా," అంది.

శనివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది, ఆఫీసు పని పడిందని. కాసేపటికి భార్య ఫోన్ చేసి, "ఎండలో తిరక్కండి, టోపీ పెట్టుకోండి," అని పెట్టేసింది.

ఆదివారం ఒక్కడే వెళ్ళాడు. పూతలు పూసి, నీడలో కూర్చుని, గుడ్డ ఎండేదాకా లారీలు చూస్తూ గడిపాడు. మధ్యాహ్నం దాటాక ఒలవడం మొదలుపెట్టాడు. పైభాగం చక్కగా వచ్చింది. కింద అంచు వదిలించడానికి వంగేసరికి, పైన ఊడిన భాగం బరువుకి మడతపడి ఆయన నెత్తిన కూలింది. చొక్కాలోకి, చెవుల్లోకి, నోట్లోకి ఇసుక దూరింది. పకపకా నవ్వొచ్చింది. నవ్వుతూ, "చూశావా!" అని పక్కకి తిరిగాడు.

పక్కన ఎవరున్నారు? నవ్వు ఆగిపోయింది. చెవుల్లో ఇసుక దులుపుకున్నాడు.

మిగిలిన సగాన్ని అట్ట మీద పరిచి బస్సెక్కాడు.

"ఏంటి సార్ అది?" అన్నాడు కండక్టరు.

"మట్టి."

"మట్టికి బస్సెందుకు సార్? బయటంతా అదేగా!"

సోమవారం దాన్ని క్లాసు గోడకి తగిలించాడు. పిల్లలు ఎగబడ్డారు. ఒకళ్ళు వేలితో తడిమారు, ఒకళ్ళు ముక్కు ఆనించి వాసన చూశారు. వాగుడుకాయ చిరిగిన అంచు పట్టుకుంది. "ఇక్కడ పోయిందేంటి సార్?"

"ఒక్కణ్ణే కదమ్మా. చేతులు చాల్లేదు."

"మా నాన్నని పిలవాల్సింది సార్. ఆదివారం గోడకి కాళ్ళానించి పడుకునుంటాడు," అంది ఆ అమ్మాయి. అందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు. ఊళ్ళో ఎవరినైనా సాయం అడగొచ్చని ఆయనకి తట్టనే లేదు. ఇంతలో బెల్లు కొట్టారు, పిల్లలంతా బిలబిలమంటూ వెళ్ళిపోయారు.

ఖాళీ క్లాసులో నిలబడి ఫొటో తీసి కూతురికి పంపాడు. "బాగుంది నాన్నా" అని జవాబొచ్చింది. కాసేపాగి ఇంకోటి. "మధ్యలో ఆ నల్ల చార ఏంటి?"

తన పని గురించి కూతురు తనంతట తానుగా ఏదైనా అడగడం అదే మొదటిసారి. "ఫోన్ చేసి చెప్పనా?" అని పెట్టాడు. "రేపు నేనే చేస్తా" అంది.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడు ఆయనే చేశాడు.

"ఆ నల్ల చార అడిగావు కదమ్మా..." అని మొదలుపెట్టాడు. అక్కడ ఒకప్పుడు నీళ్ళు కదలకుండా నిలిచిపోయాయని, రాలిన ఆకులు ఆ మడుగులోనే కుళ్ళి బురదలో కలిశాయని, తరవాతెప్పుడో వరదొచ్చి దాని మీద ఇసుక కప్పేసిందని చెప్పుకొచ్చాడు. అవతల కొళాయి పారుతోంది, గిన్నెలు చప్పుడవుతున్నాయి. మధ్యమధ్య కూతురు "ఊఁ" అంటోంది. విందో లేదో తెలీదు. ఒకచోట మాత్రం కొళాయి కట్టేసి, "ఆకులు ఇంకా ఉంటాయా నాన్నా అందులో?" అంది.

"అచ్చులు ఉంటాయి. ఈసారి వస్తే చూపిస్తా."

"చూద్దాం నాన్నా. అన్నం తిన్నారా?"

"ఇంకా లేదు."

"తినండి మరి. ఉంటాను."

ఫోన్ బల్ల మీద పెట్టి, స్టవ్వు వెలిగించి, ఒక గ్లాసు బియ్యం కడిగి ఎసట్లో పోశాడు.