లచ్చుమత్త వేలికంటిన దుమ్ము

2023 ఎండాకాలం. బెంగళూరులో క్వాంటం కంప్యూటర్ల మీద పనిచేసే థియరీ మనిషిని నేను. అంటే యంత్రం ముట్టుకోను. అది ఎట్లా నడవాలో కాగితం మీద లెక్కలు చేసి చెప్తాను. నడిపేది మాతో పనిచేసే మడకశిర మురళి.

ఆ కంప్యూటర్లో లెక్కలు చేసే ముక్కను క్యూబిట్ అంటాం. మహా సుకుమారం. పని మధ్యలో తొంగిచూస్తే చాలు, అందులోది చెదిరిపోతుంది. అందుకే తప్పు వెతకాలంటే ఒక్కోదాన్ని చూడం. పక్కపక్కనుండే రెండూ ఒకే తీరుగా ఉన్నాయా లేదా అని మాత్రం కనుక్కుంటాం. దీన్నే ఎర్రర్ కరెక్షన్ అంటారు. నేను రాసిచ్చిన పద్ధతి, ఈ క్యూబిట్లుండే మురళి చిప్ మీద నడవలేదు. తప్పులు తగ్గకపోగా పెరిగినాయి.

"నా లెక్క సరిగ్గానే ఉండాది. నీ చిప్పే చెడింది, తీసి పారేయ్!" అని కసిరినాను. రెండేళ్లు కష్టపడి చేసుకున్న చిప్ అది. అతిచల్లని పెట్టెలో నుంచి ఒకసారి బయటికి తీస్తే మళ్లీ అట్లనే పనిచేస్తుందని నమ్మకం లేదు. మురళి మొహం మాడిపోయింది.

"సోమవారం తీస్తాలేక్కా" అన్నాడు, అంతే.

శనివారం మా ఊరు వల్లూరుకు పోయినాను. మా మేనత్త లచ్చుమమ్మ సోలార్ పార్కులో పలకలు కడుగుతుంది, ఒకప్పుడు తను చెనక్కాయ వేసిన చేన్లోనే. పొద్దున్నే నేనూ వెంటపడినాను. సగం వరస తుడిచేసరికి నా నడుము పట్టేసింది. "నీతో అయ్యేది కాదులే! ఊరికే తిరిగి, యాడన్నా దుమ్ము మిగిలిపోయిందేమో చూడుపో" అని నవ్వింది.

ఆ పని నాకు బాగా వచ్చు కదా. పక్కపక్క పలకలు రెండేసి పోల్చుకుంటూ పోయినాను. రోడ్డు పక్క వరస చూసి, "ఇవన్నీ ఒకే తీరుగా ఉండాయత్తా, బాగున్నట్టే" అని కేకేసినాను.

అత్త వచ్చి ఒక పలక మీద వేలితో గీసింది. వేలు ఎర్రగా దుమ్ముకొట్టుకుంది.

"బాగుండేదేందే? టిప్పర్ పోతే వరసంతా పడతాది దుమ్ము. అన్నిటి మీదా పడితే అన్నీ ఒకటిగానే కనపడతాయి. చేన్లో తెగులు ఒంటిచెట్టుకు వచ్చి ఊరుకుంటాదా?"

ఓరి దేవుడా! తప్పులు ఒక్కోటి విడివిడిగా వస్తాయని లెక్క మొదటి పేజీలోనే అనుకున్నాను. అట్లయితే లెక్క సుళువు, అందుకు. రెండు పక్కపక్క క్యూబిట్లు ఒకేసారి చెడితే నా పద్ధతి ఆ రెంటినీ బాగున్నట్టే లెక్కేసి, పక్కన బాగున్నదాన్ని దిద్ది చెడగొడుతుంది. ఆ పలకల మధ్యనే నిలబడి మురళికి ఫోన్ చేసినాను.

"చిప్ ముట్టుకోవద్దు. తప్పు నాది."

"ఏమక్కా, ఎండ తగిలిందా?"

"నోరు మూసుకోని వినప్పా!" అన్నాను, కళ్లలో నీళ్లు తిరిగినాయి.

లెక్క మార్చడానికి నెల పట్టింది. అదే చిప్ మీద తప్పులు తగ్గినాయి. మురళి పెట్టె మీద "అక్కకు ప్రవేశం లేదు" అని చీటీ అంటించినాడు. దీని మీద రాసిన పరిశోధన పేపర్ అచ్చయినప్పుడు చివర మేము కృతజ్ఞతలు చెప్పినవాళ్లలో అత్త పేరు కూడా వేసి, తీసుకుపోయి చూపించినాను.

"మిగతా వీళ్లంతా ఎవురే?"

"పెద్ద పెద్ద చదువులు చదివినోళ్లత్తా."

"పాపం, ఒక్కరికీ చేను లేకపాయనా?"

ఇప్పుడు ఎవరి పనైనా చెడిందని నోరు జారబోయే ముందు, నా లెక్క మొదటి పేజీ తీసి ఒకసారి వేలితో గీసి చూసుకుంటాను.