చివరి పదహారు పేజీలు

ముగింపు లేని నవలను పాఠకుడి చేతిలో పెట్టే గ్రంథాలయానికి తాళం వేయడమే మర్యాద అని నేను నమ్మేవాణ్ణి. డెబ్బైల చివర, బడిలో పాఠాలు చెబుతూనే, మామిడికుదురు దగ్గర మా ఊరి చిన్న గ్రంథాలయం బాధ్యత కూడా చూసేవాణ్ణి.

మా ఎదురింటి అరుగు మీద మిషను కుట్టే ఆవిడకు పుట్టుచెవుడు. పలక మీద రాసి మాట్లాడేది. ఒక అపరాధ పరిశోధన నవల కోసం ఆవిడ రెండు నెలలు ఎదురుచూసింది. అందులో హంతకుణ్ణి పట్టుకునేది చెవులు వినబడని ఒక గడియారాల మరమ్మతుదారు. వేసవి సెలవుల తరవాత పుస్తకం ఆవిడ చేతికి వచ్చింది. మర్నాడే తెచ్చి, నా బల్ల మీద పెట్టి, చివర తెరిచి చూపింది. పదహారు పేజీలు లేవు.

నా అనుమానం తక్షణం గ్రంథాలయం అటెండరు మీదికి పోయింది. అతని బావకు పకోడీల కొట్టుంది; పొట్లాలకు కాగితం కావాలి కదా!

"నాకేం తెలవదండీ మేష్టారూ! మా బావ పకోడీలు బాదమాకులో కడతాడండీ, ఆయ్!" అన్నాడతను.

నేను లక్ష్యపెట్టలేదు. అతన్ని తొలగించమని పై అధికారికి ఉత్తరం రాసి, సాయంత్రపు టపాకు సిద్ధం చేశాను. ముగ్గురు పిల్లల తండ్రి. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఆవిడ మా పెదవుల కదలికలను బట్టి సంగతి గ్రహించి, పుస్తకం వెన్ను విప్పింది. చిరిగిన అంచు లేదు. దారం కొత్తది. దాని ముడిని గోటితో తిప్పి చూసి, "దర్జీ ముడి కాదు. బైండరు ముడీ కాదు" అని పలక మీద రాసింది. తరవాత నన్నే చూస్తూ, తన ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా వేలితో గీత గీసింది.

జంధ్యం! కుట్లూడిన నాలుగు పుస్తకాలను ఆ వేసవిలో ఇంటికి తీసుకువెళ్లి, స్వహస్తాలతో కుట్టినవాణ్ణి నేనే. నాకు వచ్చిన ముడి ఒక్కటే, తాతగారు నేర్పిన బ్రహ్మముడి. నేను జంధ్యం ముడివేసుకోవడం ఎదురరుగు మీంచి ఆవిడ ఏటా చూసేదే.

అలమరలు వెదికి, అదే ముడి ఉన్న తక్కిన మూడింటినీ ఆవిడ బయటికి తీసింది. కొబ్బరి తెగుళ్ల పుస్తకంలో, ఎరువుల పట్టిక దాటాక, హంతకుడు బేడీలతో నిలబడి ఉన్నాడు. ఆ పుస్తకాన్ని అంతదాకా చదివినవారు లేరు గనుక ఫిర్యాదూ రాలేదు.

ఆవిడ అక్కడికక్కడే ఆ పదహారు పేజీలూ చదివింది. కుట్టడానికి నేను సూది అందుకోబోతే, నా చేతిలోంచి లాక్కుంది.

ఉత్తరాన్ని అటెండరు ఎదుటే చింపి, "తప్పు నాది. క్షమించు" అన్నాను.

"అంత మాటెందుకండీ! ఆ ముక్కలిలా ఇయ్యండి మేష్టారూ. ఈ ఒక్కసారికీ మీ పకోడీలు కాగితంలోనే కట్టిస్తానండీ."