మేష్టారికి వినిపించని సింబల్

గాదిలింగప్ప మేష్టారి గురించి చెప్పాలంటే ముందు ఆయన కోపం గురించి చెప్పాలి. అబ్బో, డ్రమ్ము స్టిక్కు ఒక్కసారి జారితే చాలు, పిల్లల మీద ఇంతెత్తున లేచేవాడు! కుర్రతనంలో బళ్లారి బ్రూస్‌పేట బ్యాండుతో పెళ్లిళ్లకు డ్రమ్ము కొట్టాడు. తర్వాత బెంగళూరు హోటళ్లలో పదేళ్లు జాజ్ వాయించాడు. తిరిగొచ్చి సత్యనారాయణపేటలో జీన్స్ కుట్టే షెడ్డు మేడ మీద డ్రమ్ము బడి పెట్టాడు. ఇరుగుపొరుగు గొడవపడకుండా చెక్కలకు జీన్స్ ముక్కలు బిగించి, వాటి మీదే సాధన చేయించేవాడు. ముప్పయ్యేళ్లలో ఆయన శిష్యుడు లేని బ్యాండు బళ్లారి చుట్టుపక్కల లేదంటే నమ్మండి.

అట్లాంటి మనిషి ఒక కచేరీకి నెల ముందు సవిత మీద నోరు పారేసుకున్నాడు. సవిత కెంచనగుడ్డ ఊరి కూలీల పిల్ల, రోజూ బస్సెక్కి వచ్చి నేర్చుకునేది.

"ఏమ్మే, ఆ ఇత్తడి సింబల్ మీద చెయ్యి యాడ పోయింది? జాజ్ నడకంతా దాని మీదే ఉండాదని ఎన్నిసార్లు చెప్పల్ల?"

"కొడ్తానే ఉండా మేష్ట్రు."

"నాకే అబద్ధం చెప్తావా!" అని పదిమంది ముందర అరిచి, కచేరీ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశాడు. బెంగళూరు సంగీత కళాశాలవాళ్లు వచ్చి, ఒక్కరిని ఎంచుకుని, ఉచితంగా చదివించే కచేరీ అది. సవిత స్టిక్కులు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మేష్టారు ఒక్కడే కూర్చుని సింబల్ కొట్టి చూశాడు. ఇత్తడి పళ్లెం వణికింది, చప్పుడు రాలేదు. మళ్లీ కొట్టాడు. కింద మిషన్ల రొద వినిపిస్తోంది, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, ఆ సన్నని మోత ఒక్కటే లేదు! చెవులు పోయిన మేష్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? ఆ భయంతో నెలంతా నోరు మెదపలేదు, సవితను పిలిపించనూ లేదు. తప్పే, ఎవరు కాదన్నారు?

కచేరీ రోజు పెద్దమనిషని ముందు ఆయన్నే వాయించమన్నారు. కాదంటే ఎందుకని అడుగుతారు. కూర్చున్నాడు. పియానో మొదలైన రెండు నిమిషాలకే తన చెయ్యి ఎక్కడ నడుస్తోందో ఆయనకు తెలియలేదు. పియానో వాయించే ఆయన తల తిప్పి చూశాడు. దేవుడా, ఇన్నేళ్లు బతికి అందరి ముందూ ఇట్లా దొరికిపోవాలా!

అప్పుడు, పేరు లేకున్నా చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న సవిత కనిపించింది. ఆయన్నే చూస్తూ, అరచేత్తో మోకాలి మీద తాళం వేస్తోంది. ఆయన నేర్పిన నడకే, వెంట్రుకవాసి తేడా లేదు. ఆయనకు వినపడడం లేదని ఆమెకు తెలుసు! తిట్టిన రోజు నుంచీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. మేష్టారు ఆ చేతినే చూస్తూ తాళం అందుకుని పాట ముగించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

లేచి మైకు పట్టుకున్నాడు.

"ఆ పొద్దు సింబల్ మోగిందప్పా, నాకే ఇనపడలే. నా చెవులు పోయినాయి. ఈ పాప అబద్ధం చెప్పలే, నేనే పేరు కొట్టేసినా. ఇప్పుడు మీరు కొట్టిన చప్పట్లూ ఆ పాపవే."

పిల్లల తల్లిదండ్రులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కళాశాల నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం ఆ పిల్ల పేరేమిటని అడిగి కాగితం మీద రాసుకుంది. మేష్టారు సవితను పిలిచి స్టిక్కులు చేతికిచ్చాడు.

"మీరు యాడ కూచుంటారు మేష్ట్రు?"

"నీ ఎదురుగానే. నీ చెయ్యి నాకు కనపడల్ల కదమ్మా."

ఆమె లేచి వచ్చిన కుర్చీలోనే వెళ్లి కూర్చున్నాడు. మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుని, ఆమె చెయ్యి లేచేదాకా ఊపిరి బిగబట్టాడు.